ఆ నక్షత్రాలు ఎక్కడివో ముందు చూడు

చిరంజీవి శైలూకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు స్పీకర్ ఆన్‌లో ఉంది. నువ్వు రుషికొండ దగ్గర రాళ్ల మీద ఒక స్పాంజి తీశావని, అది ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని జాతిలా ఉందని, కొత్తదే అని తేలితే దానికి అమ్మమ్మ పేరు పెడతావని ఒక్క గుక్కలో చెప్పేసింది. పక్క మంచం మీద పడుకున్న అమ్మమ్మ లేచి కూర్చుంది. తెల్లారేసరికి పాలబ్బాయికీ, ఎదురింటివాళ్లకీ, మందుల షాపులో కుర్రాడికీ చెప్పేసింది: "మా మనవరాలు సముద్రంలో జంతువుకి నా పేరు పెడుతోంది." ఆమెకి 88 ఏళ్లు. ఈ మధ్య ఏ మాటకీ ఇంత సంతోషపడగా నేను చూడలేదు.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా వంశంలో స్పాంజిల మీద పనిచేసేది నాతోనే ఆగిపోతుందనుకున్నాను. నువ్వు అదే దారి పట్టావంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది. ఆ భయం ఎందుకో ఫోన్‌లో చెబితే మధ్యలో గొంతు పట్టేస్తుంది. అందుకే రాస్తున్నాను.

ముందు రాళ్ల సంగతి. ఇది నీకు చిన్న విషయంలా అనిపిస్తుంది, నాకు అన్నిటికంటే పెద్దది. మేం చదువుకునే రోజుల్లో లాసన్స్ బే దగ్గర మా బ్యాచ్ అబ్బాయి ఒకడు సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, రాయి అడుగున ఉన్న స్పాంజిని గీకుతున్నాడు. వెనకనుంచి వచ్చిన అల అతన్ని లాక్కుపోయింది. వలలు సర్దుకుంటున్న జాలర్లు ఇద్దరు దూకి తీసుకొచ్చారు. తలకి తొమ్మిది కుట్లు పడ్డాయి. నలభై ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ టీవీలో విశాఖ బీచ్‌లో విద్యార్థులు గల్లంతు అన్న మాట వినపడితే చాలు, నువ్వెక్కడున్నావని మీ అమ్మకి ఫోన్ చేస్తాను. అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ రెండ్రోజులు నీళ్లు బాగా వెనక్కి వెళ్తాయి కదా, ఆ రోజుల్లోనే ఆశ ఎక్కువవుతుంది. ఇంకొక్క రాయి చూసి వచ్చేద్దాం అనిపిస్తుంది. ఆ ఇంకొక్క రాయి దగ్గరే మనిషి చిక్కుకుంటాడు. నీళ్లు మళ్లీ పెరగడం మొదలవగానే వచ్చెయ్యి. ఒంటరిగా వెళ్లకు. సముద్రానికి వీపు పెట్టకు. పాచి పట్టిన రాళ్ల మీద హవాయి చెప్పులతో నడవకు. ఇంటికి చేరాక "వచ్చాను" అని నాకొక మెసేజ్ పెట్టు, అంతే చాలు.

గ్లౌజులు లేకుండా ఏదీ ముట్టుకోకు. టెడానియా లాంటి స్పాంజిలు ఒట్టి చేత్తో పట్టుకుంటే మంట, దద్దుర్లు రోజుల తరబడి తగ్గవు.

మిగతా జాగ్రత్తలు నీకు తెలిసినవే, ఒక్కో మాట చొప్పున చెప్పేస్తాను. ముక్క తియ్యకముందే, రాయి మీద ఉండగానే ఫొటో తియ్యి. రంగు అక్కడే రాసుకో. ఆల్కహాల్‌లో పడ్డాక నారింజ, ఊదా, పసుపు అన్నీ ఒకే మట్టిరంగుకి వస్తాయి. నొక్కితే ఎలా ఉంది, జిగురు కారిందా, వాసన ఏమిటి, ఇవన్నీ ఆ క్షణం దాటితే దొరకవు. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి. సీసా బయట అంటించిన లేబుల్ ఏదో ఒకరోజు ఊడిపోతుంది. డీఎన్ఏ కోసం చిన్న ముక్క వేరే సీసాలో, మంచి ఇథనాల్‌లో పెట్టు.

ఫార్మలిన్ జోలికి వెళ్లకు. మా రోజుల్లో అన్నిటినీ దాంట్లోనే వేసేవాళ్లం. ఉంచేకొద్దీ అది ఆమ్లంగా మారుతుంది. కాల్కేరియా అనే విభాగం స్పాంజిల స్పిక్యూల్స్, అంటే ఒంటిని నిలబెట్టే సన్నటి ముళ్లు, కాల్షియం కార్బొనేట్ కాబట్టి దాంట్లో కరిగిపోతాయి. నేను 1984లో భీమిలి దగ్గర ఎంతో కష్టపడి తీసిన చిన్న తెల్లటి గొట్టాల స్పాంజి ఒకటి ఉండేది. ఏడాది తర్వాత సీసా తెరిస్తే మెత్తటి గుజ్జు తప్ప ఒక్క కంటకం లేదు. మన తెలుగు మీడియం పుస్తకాల్లో స్పిక్యూల్స్‌ని కంటకాలు అనే రాసేవాళ్లు, నాకు ఆ మాటే ఇష్టం. కంటకం పోయిన స్పాంజి అంటే ఆనవాలు పోయిన మనిషి లెక్క. ఇంకో సంగతి, 2001లో కాల్కేరియా మొత్తాన్నీ వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్‌లో చేర్చారు. 2022 సవరణతో షెడ్యూళ్లు మారాయి. కొత్త జాబితా చూసుకుని, కావలసిన అనుమతి కాగితం చేతిలో పెట్టుకునే రాళ్లమీదికి వెళ్లు.

నిన్న పొద్దున అమ్మమ్మ అడిగింది, "ఇంతకీ అది మొక్కా, జంతువా?" అని. ఆమెకి ఏం చెప్పానో నీకూ చెబుతాను. ఆ అనుమానం జీవులకి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్‌కీ వచ్చిందమ్మా అన్నాను. జంతువుల పేర్లన్నిటికీ మొదలు ఆయన పుస్తకం పదో ముద్రణ, 1758. స్పాంజిలు అందులో జంతువుల సంపుటంలో లేవు, మరుసటి ఏడాది వచ్చిన మొక్కల సంపుటంలో ఉన్నాయి. అందుకే ఒళ్లు రుద్దుకునే స్పాంజి, స్పాంజియా అఫిసినాలిస్, పేరు పక్కన 1759 అని ఉంటుంది. తర్వాత ఎడిన్‌బరోలో రాబర్ట్ గ్రాంట్ అనే ఆయన బతికున్న స్పాంజిని మైక్రోస్కోపు కింద పెట్టి ఓపిగ్గా చూశాడు. పైన ఉన్న పెద్ద రంధ్రంలోంచి నీళ్లు ధారగా బయటికి వస్తున్నాయి, చిన్న రంధ్రాల్లోంచి లోపలికి పోతున్నాయి. ఆ రంధ్రాలని బట్టే స్పాంజిలన్నిటికీ కలిపి పొరిఫెరా అన్న పేరు వచ్చింది. ఇదంతా విని అమ్మమ్మ, "అయితే నీళ్లు తాగి నీళ్లు వదులుతుందన్న మాట, ఎవరినీ ఏమీ అనదు" అంది. తన పేరు పెట్టడానికి తగిన జంతువే అని తృప్తి పడింది.

ఇప్పుడు పుస్తకాలు. కొత్త జాతి అని అనే ముందు పాతవాళ్లు ఏం రాశారో ఒక్కటీ వదలకుండా చదవాలి. మన తీరానికి దగ్గరలో మొదట చూడాల్సింది మద్రాసు స్పాంజిల మీద ఆర్థర్ డెండీ 1887లో రాసింది. ఆ స్పాంజిలు సేకరించింది మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్స్టన్. ఆ తర్వాత సింహళం ముత్యపు చిప్పల సర్వేలో దొరికిన వాటిమీద అదే డెండీ 1905లో రాసిన పెద్ద రిపోర్టు. అంతకు ముందు, మన్నార్ సింధుశాఖలో అడుగునుంచి గీకి తీసిన వాటిమీద కార్టర్ 1880, 81లలో రాసినవి. ఈ కార్టర్ బొంబాయి సైన్యంలో డాక్టరు, రిటైరయ్యాక ఇంగ్లండులో ఇంటి దగ్గర కూర్చుని ఎవరు ఏ సముద్రం నుంచి స్పాంజి పంపినా వర్ణించేవాడు. ఇండియన్ మ్యూజియం స్పాంజిల మీద బర్టన్, శ్రీనివాసరావు 1932లో రాసింది కూడా తప్పక చూడు. వీటిలో కొన్ని వర్ణనలు నాలుగు వాక్యాలే ఉంటాయి, బొమ్మ కూడా ఉండదు. అలాంటి చోట అసలు నమూనా చూడకుండా "ఇది వేరు" అని అనకు. ఫొటో పంపమని, కుదిరితే చిన్న ముక్క ఇవ్వమని మ్యూజియం వాళ్లకి ఉత్తరం రాయి. నెలలు పట్టినా ఆగు.

నేను డెండీ రిపోర్టు చేత్తో రాసుకున్నాను తెలుసా? మద్రాసులో ఒక లైబ్రరీలో, పదకొండు రోజులు. పెన్ను వాడనిచ్చేవాళ్లు కాదు, పెన్సిలే. సాయంత్రానికి వేళ్లు బిగుసుకుపోయేవి. మాంబళంలో మా పిన్నిగారింట్లో ఉండేదాన్ని, ఆవిడ రాత్రి వేడి నీళ్లలో ఉప్పేసి చేతులు పెట్టమనేది. ఆ నోటుపుస్తకాలు నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. ఇవాళ నీకు అదే పుస్తకం సెల్‌ఫోన్‌లో వస్తుంది. మంచిదే. కాకపోతే చేత్తో రాసేటప్పుడు ప్రతి మాటా ఒకసారి ఆగి చూసేదాన్ని, ఆ ఆగడం నువ్వు వేరే ఏదో విధంగా అలవాటు చేసుకోవాలి.

హాలికాండ్రియా పానీసియా అనే స్పాంజి కథ గుర్తుంచుకో. 1766లో పల్లాస్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. అలల పోటు తగిలే చోట పలచగా పరుచుకుంటుంది, నెమ్మది నీళ్లలో వేళ్లలా లేస్తుంది, వెలుగులో ఆకుపచ్చ, నీడలో పసుపు. చూసిన ప్రతివాడూ కొత్తదనుకున్నాడు. ఒక్క జంతువుకి యాభైకి పైగా పేర్లు పడ్డాయి. వాళ్లెవరూ తెలివితక్కువ వాళ్లు కాదు, శైలూ. తొందరపడ్డారు, అంతే. నేనూ అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

1986 జనవరిలో టెన్నేటి పార్కు కింద రాళ్లలో, ఒక బార్నకిల్ గుల్ల మీద అరచేతిలో పావు వంతు కూడా లేని ఎర్రటి పొర దొరికింది. మర్నాడు చిన్న ముక్క తీసి కండ కరిగి కంటకాలు మిగిలేలా టెస్ట్‌ట్యూబులో నైట్రిక్ ఆసిడ్ పోసి మరిగించాను. అడుగున దిగిన కంటకాల్ని నాలుగుసార్లు నీళ్లతో కడిగి, ఆల్కహాల్ వేసి, ఒక చుక్క స్లైడు మీద ఆరబెట్టి చూశాను. ముళ్ల కర్రల్లాంటివి ఉన్నాయి. విల్లులా వంగిన టాక్సాలున్నాయి. రెండు కొసలూ గోళ్లలా వంగిన కీలాలున్నాయి. ఇంతవరకూ మామూలు క్లాత్రియా స్పాంజి. వాటి మధ్యలో నక్షత్రాలు కనిపించాయి. గుండ్రటి బంతికి చుట్టూ కోణాలు పొడుచుకొచ్చినట్టు, నిండైన నక్షత్రాలు. కీలాలున్న స్పాంజిలో నక్షత్రాలు ఉండకూడదు. ఆ రెండూ రెండు వేరు వేరు క్రమాల, అంటే చాలా కుటుంబాలు చేరిన పెద్ద గుంపుల, గుర్తులు. ఒకే జంతువులో రెండూ ఉన్నాయంటే అది కొత్త జాతి మాత్రమే కాదు, కొత్త ప్రజాతి, అంటే జాతికి పైనుండే గుంపు. కొత్త కుటుంబం కూడా అవ్వొచ్చు. మైక్రోస్కోపు దగ్గరనుంచి లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నాకింకా గుర్తు.

అనుమానం రాకపోలేదు. మళ్లీ రెండుసార్లు ముక్క మరిగించాను. రెండుసార్లూ నక్షత్రాలు వచ్చాయి. వేల కీలాల మధ్య పది, పన్నెండు. ఆ లెక్కే నాకు చెప్పాల్సింది. నేను దాన్ని అరుదైన లక్షణం అని రాసుకున్నాను.

ఊళ్లో లేని మా గైడు గారికి ఉత్తరం రాశాను. ఆయన ఒక్కటే అడిగారు, "సెక్షన్ తీశావా? ఆ నక్షత్రాలు ఒంట్లో ఎక్కడున్నాయి?" అని. తియ్యలేదు. అంత పలచటి పొరని బ్లేడుతో నిలువుగా కొయ్యడం కష్టం, పొరపాటు జరిగితే ఉన్న కాస్తా పోతుంది. టైప్ నమూనాగా, అంటే ఆ పేరుకి ఆధారంగా దాచే నమూనాగా, పెట్టడానికి ఏమీ మిగలదని భయం. తీశానని రాశాను. పైపొరలో చెల్లాచెదురుగా ఉన్నాయని కూడా రాశాను. ఆయన నన్ను నమ్మారు. 1987లో పేపరు అచ్చయింది. కొత్త ప్రజాతి, కొత్త జాతి. జాతికి నాన్న పేరు పెట్టాను.

నాన్నంటే నీకు ఫొటోలోనే తెలుసు. ఎలిమెంటరీ స్కూలు టీచరు. ముగ్గురు ఆడపిల్లల్లో ఒకదాన్ని పీహెచ్‌డీ దాకా చదివించడం ఆ రోజుల్లో ఎంత పెద్ద మాటో. పేపరు కాపీ చూపించి, "ఇక్కడ చివర్లో ఐ అక్షరం చేరిస్తే మీ పేరు లాటిన్‌లో అయింది, ఇక ఈ పేరు శాశ్వతం" అని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని ఆ పదం మీద వేలు పెట్టి చదివారు. ఆ కాగితాలు దేవుడి గూట్లో పెట్టారు. 1994లో ఆయన పోయేదాకా అక్కడే ఉన్నాయి.

1997లో ఐరోపాలో ఒక మ్యూజియంలో పనిచేసే పెద్దాయన ఉత్తరం రాశారు. మ్యూజియంలో పెట్టిన నా నమూనాలోంచి సెక్షన్ తీసి చూశానని, కీలాలు, టాక్సాలు ఒంట్లో వాటి చోట్లలో ఉన్నాయని, నక్షత్రం ఒక్కటీ కనబడలేదని. చివర్లో చాలా మర్యాదగా ఒక ప్రశ్న: "అదే వారంలో మీరు టెథియా కూడా మరిగించారా?"

మరిగించాను శైలూ. ముందు రోజే. నిమ్మకాయంత నారింజరంగు టెథియా స్పాంజి, దాని ఒళ్లంతా అవే నక్షత్రాలు. అదే టెస్ట్‌ట్యూబు. కుళాయి నీళ్లతో, బ్రష్‌తో కడిగాను. గాజుకి అంటుకున్న కంటకాలు బ్రష్‌తో పోవు, బ్రష్‌కి కూడా అంటుకుంటాయి, డ్రాపర్‌లోనూ ఉండిపోతాయి. నేను మూడుసార్లు సరిచూసుకున్నానని అనుకున్నది మూడుసార్లూ అదే ట్యూబు, అదే డ్రాపర్. ఆ రాత్రి నా దగ్గర మిగిలిన చిన్న ముక్కని చేతులు వణుకుతుండగా కోశాను. పదకొండేళ్ల కిందట కోసి ఉంటే పావుగంట పని.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. ఆ ఉత్తరం బీరువాలో పెట్టి నాలుగేళ్లు ఊరుకున్నాను. నాన్న పేరు నేనే కొట్టెయ్యాలి కదా అని చెయ్యి ఆడలేదు. ఆ నాలుగేళ్లలో నా ప్రజాతి రెండు స్థానిక జాబితాల్లోకి ఎక్కింది. ఒక పిల్ల థీసిస్‌లో నా మాట నమ్మి తన స్పాంజిలో నక్షత్రాల కోసం వెతుక్కుంది. 2001లో సవరణ రాసి పంపాను. అది తెలిసిన రోజే రాయాల్సింది.

అందుకే చెబుతున్నాను. మరిగించిన స్లైడు ఏమేం కంటకాలున్నాయో చెబుతుంది. అవి ఆ జంతువువో కావో సెక్షనే చెబుతుంది. పాడైనా సరే, ముందు సెక్షన్ తియ్యి. ఒకే ముక్క ఉంటే ఇంకో ముక్క దొరికేదాకా పేరు పెట్టకు. ప్రతి ముక్కకీ కొత్త ట్యూబు, కొత్త డ్రాపర్. అవి ఇప్పుడు చవక. నైట్రిక్ ఆసిడ్ బదులు బ్లీచ్‌లో ఒక రాత్రి ఉంచితే సరిపోతుంది, పొగా మంటా ఉండవు. ఈ కంటకాల్లోని సిలికా కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ వాడాల్సి వస్తే, అది తెలిసిన మనిషి పక్కన లేకుండా ఆ సీసా మూత కూడా తియ్యకు. ప్రతి రకం కంటకం కనీసం ముప్ఫై కొలువు. ఇంకో సంగతి: స్పాంజి తనంతట తాను కూడా ఇసకనీ, పక్కవాటి కంటకాల్నీ ఒంట్లోకి తీసుకుంటుంది. ట్యూబు శుభ్రంగా ఉన్నా అనుమానం ఉంచుకో.

డీఎన్ఏ ఉందిగా పెద్దమ్మా అంటావు. ఉంది. కానీ స్పాంజి అంటే పీతపిల్లలు, పురుగులు, రొయ్యపిల్లలు కాపురముండే ఇల్లు. వాటి డీఎన్ఏ కూడా నీ ట్యూబులోకి వస్తుంది. పైగా అందరూ చూసే సీఓఐ జీను స్పాంజిల్లో చాలా నెమ్మదిగా మారుతుంది, దగ్గర జాతుల్ని విడదీయడానికి ఒక్కోసారి అది చాలదు. 28ఎస్ అనే జీను కూడా చూడు. రెండూ కంటకాలూ ఒకే మాట చెప్పేదాకా ఆగు.

పేరు విషయానికి వస్తే, అమ్మమ్మ పేరు లాటిన్‌కి భలే కుదురుతుంది. ఆడవాళ్ల పేరుకి చివర ఏ, ఈ అనే రెండక్షరాలు చేర్చాలి. సూరమ్మలో ఏ ఉండనే ఉంది, ఈ ఒక్కటి చేరిస్తే సరి. మన అమ్మలందరి పేర్లూ ఇలాగే ఒదుగుతాయి. ఇంకొకటి గమనించావా, ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాయడం మనకీ ఈ శాస్త్రానికీ ఒకటే. ప్రజాతి ఇంటిపేరు, జాతి సొంతపేరు. రేపు ఎవరైనా ఆ స్పాంజిని వేరే ప్రజాతిలోకి మారిస్తే ఇంటిపేరే మారుతుంది, అమ్మమ్మ పేరు మారదు. విశేషణం పెట్టి ఉంటే కొత్త ప్రజాతి లింగాన్ని బట్టి తోక మార్చాల్సి వచ్చేది, మనిషి పేరుకి ఆ బాధ లేదు. అలా ప్రజాతి మారినప్పుడు, పేరు పెట్టినదానివని జాతి పేరు పక్కన రాసే నీ పేరు చుట్టూ బ్రాకెట్లు పడతాయి, పల్లాస్ పేరుకి పడ్డట్టు. వాటిని చూసి బాధపడకు, అది పుట్టింటి గుర్తు.

ఇంటిపేర్లు మారుతూనే ఉంటాయి. నేను ఎమ్మెస్సీలో స్క్లీరోస్పాంజియే స్పాంజిల్లో నాలుగో విభాగం అని చదివాను, తర్వాత దాన్ని ఎత్తేశారు. 2012లో హోమోస్క్లీరోమార్ఫా నాలుగో విభాగమైంది. ముప్ఫై ఏళ్లు పిల్లలకి బోర్డు మీద రాసిన హాడ్రోమెరిడా, హాలికాండ్రిడా అనే క్రమాలు 2015 నుంచి లేవు. మొదట్లో నాకు కష్టంగా అనిపించింది. ఇప్పుడు లేదు. క్రమాలు మనం కట్టుకున్న అరలు, సరుకు అది కాదు. సరుకు టైప్ నమూనా, దాని వర్ణన. అవి సరిగ్గా ఉంటే ఎవరు ఏ అరలోకి మార్చినా ఇబ్బంది లేదు.

పేపరు ఏ పత్రికకి పంపుతావో జాగ్రత్త. డబ్బు కడితే వారంలో వేసే పత్రికలు నీకు రోజూ మెయిళ్లు పంపుతుంటాయి. నామకరణ నియమావళి పత్రిక మంచిదా చెడ్డదా అని అడగదు, షరతులు పూర్తయితే పేరు చెల్లుతుంది. అందుకే నాకు భయం. ఎవరూ చదివి తప్పు పట్టని చోట వేసిన పేరు కూడా చిరకాలం ఉండిపోతుంది. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే ముందే జంతువుల పేర్లు నమోదు చేసే జూబ్యాంక్‌లో రిజిస్టర్ చెయ్యాలి. హోలోటైప్, అంటే పేరుకి ఆధారమైన ఆ ఒక్క నమూనా, ఏదో, ఎక్కడ పెట్టావో స్పష్టంగా రాయాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి నమూనాని నిర్దేశించిన సంస్థలో ఇవ్వాలి, జూలాజికల్ సర్వే వాళ్లకి ఇస్తే సరి. నీ అల్మారాలో పెట్టుకోకు. పేపరు వచ్చేదాకా పేరుని పోస్టర్లలో, ఫేస్‌బుక్‌లో రాయకు. అమ్మమ్మ వీధంతా చెప్పింది కానీ ఫర్వాలేదు, నోటి మాట ప్రచురణ కాదు.

ఒక పేరు కోసం ఇంత ఆరాటమా అని నీకెప్పుడైనా అనిపిస్తే టెక్టిటెథియా క్రిప్టా అనే స్పాంజిని తలుచుకో. 1949లో ద లాబెన్‌ఫెల్స్ దానికి క్రిప్టోటెథియా క్రిప్టా అని పేరు పెట్టాడు. బెర్గ్‌మన్, ఫీనీ అనే రసాయన శాస్త్రవేత్తలు దాంట్లో దొరికిన వింత న్యూక్లియోసైడ్ల గురించి 1951లో రాశారు. ఆ దారి పట్టుకుని వెళ్తేనే సైటరబిన్ వచ్చింది, లుకేమియా పిల్లలకి ఎక్కించే మందు. ఇంటిపేరు మారినా ఆ స్పాంజిని ఇవాళ ఎవరైనా వెతికి పట్టుకోగలరంటే మొదటి మనిషి దాన్ని సరిగ్గా గుర్తుపట్టి రాశాడు కాబట్టి.

నిన్న రాత్రి అన్నం తిన్నాక అమ్మమ్మకి చెప్పేశాను, నాన్న పేరు సంగతి. ఇన్నేళ్లూ చెప్పలేకపోయాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆయన పేరు తీసేశారా?" అంది. తియ్యరమ్మా, డేటాబేస్‌లో ఉంటుంది, పక్కన చెల్లదు అని రాసి, ఏ జాతి కింద కలిసిపోయిందో చూపిస్తారు అన్నాను. "మరి నాది పెడితే అదే పుస్తకంలో ఉంటుందా?" అంది. అదే దాంట్లో అమ్మా అన్నాను. "తొందరేం లేదని చెప్పు పిల్లకి. నేనుంటాను" అని దుప్పటి కప్పుకుంది.

వచ్చే ఆదివారం మీ బావ వైజాగ్ వస్తున్నాడు. వాడి చేతికి ఒక చిన్న అట్టపెట్టె ఇచ్చి పంపుతున్నాను. పోస్టులో పంపితే గాజు పగులుతుంది. డెండీ నోటుపుస్తకాలు నాలుగూ ఉన్నాయి, మైక్రోస్కోపు కింద కొలతలకి వాడే నా స్టేజ్ మైక్రోమీటర్ ఉంది. అన్నిటికంటే కింద దూదిలో చుట్టిన స్లైడు 1986 నాటిది. ఎడమ అంచునుంచి మెల్లిగా లోపలికి రా. వజ్రపు పెన్నుతో సున్నా చుట్టిన చోట ఆపి, నలభై ఎక్స్‌లో చూడు. ఒక నక్షత్రం, దానికి కుడివైపు ఒక కీలా. మధ్యలో ఖాళీ ఉంటుంది. నేను ఎన్నిసార్లు చూసినా ఆ ఖాళీని చూడలేదు.

ప్రేమతో,
పెద్దమ్మ